సత్తార్ ఏ దేశం లెక్కలోకి వస్తాడు

చుట్టం మూడు రోజులకు మించి ఉంటే బరువంటారు. అబ్దుల్ సత్తార్ వచ్చి రెండు నెలలు దాటింది. పైగా వచ్చింది సొంత ఇంటికే. అయినా చుట్టమే. ఆ మాట ఇంట్లో ఎవరూ అనలేదు, అనరు కూడా. అతనికే అలా అనిపించేది. చాయ్ పోసేటప్పుడు భార్య అక్బరీ బేగం తనకూ కూతురికీ స్టీలు గ్లాసులు తీసేది, అతనికి మాత్రం పూల పింగాణీ కప్పు. ఆ కప్పు మామూలు రోజుల్లో అల్మారా పైఅరలో ఉంటుంది. ఖాజీ సాబ్ వస్తే కిందికి దిగుతుంది, సత్తార్ వస్తే దిగుతుంది.

సత్తార్ దమ్మాంలో వెల్డర్. కూతురు మహీన్‌కు రెండేళ్లు నిండకముందే సౌదీ విమానం ఎక్కాడు. ఇప్పుడా పిల్ల మహబూబాబాద్ డిగ్రీ కాలేజీలో బీఏ చివరి సంవత్సరం. మధ్యలో పద్దెనిమిదేళ్లు గడిచాయి. రెండు మూడేళ్లకొకసారి సెలవు మీద రావడం, ఇంట్లో ఏ స్విచ్చి నొక్కితే ఏ లైటు వెలుగుతుందో గుర్తుపట్టేలోపే తిరుగు ప్రయాణం రావడం. అంతే అతని కాపురం. మహీన్ తల్లి మీద అరుస్తుంది, అలుగుతుంది, అన్నం మానేస్తానని బెదిరిస్తుంది. తండ్రి ముందు మాత్రం తల వంచుకొని "జీ అబ్బా" అంటుంది. ఒక్కసారీ అతని మీద అలగలేదు. అలగాలంటే చనువుండాలి కదా.

ఈసారి రంజాన్‌కు వచ్చాడు. అక్టోబరు మధ్యలో సెలవు అయిపోతుంది. ఆ లోపల దమ్మాం చేరకపోతే పాస్‌పోర్టు మీది ముద్ర చెల్లదు, ఉద్యోగమూ ఉండదు. ఈసారి ఆ తేదీ దగ్గరపడుతున్నకొద్దీ అతనికి తిండి సహించడం లేదు. భూపాలపల్లిలో ఉండే బావమరిది అబ్రార్ పండుగకు వచ్చినప్పుడు, "బావా, మా దగ్గర కరెంటు ఫ్యాక్టరీ పని నడుస్తున్నది. మంచి వెల్డర్లు దొరుకుతలేరు. కానీ సౌదీల వచ్చే దాంట్ల మూడో వంతే ఇస్తరు" అని చెవిలో వేసి పోయాడు. అప్పటినుంచి ఆ మాట చెవిలో దూరిన చీమలా తిరుగుతూనే ఉంది. ఇంట్లో మాత్రం చెప్పలేదు. ఎలా చెప్తాడు? ఇన్నేళ్లూ ఆ ఇంట్లో అతను ఉన్నది డబ్బు రూపంలోనే. ఆ డబ్బు మూడో వంతుకు పడిపోతే తను ఎంతకు పడిపోతాడోనని భయం. అక్బరీ ఒక్కసారి "ఉండిపోండి" అంటే చాలు, ఉండిపోదామనుకున్నాడు. ఆమె అనలేదు. మహీన్ అనలేదు. అడిగి లేదనిపించుకోవడం కంటే అడగకుండా వెళ్లిపోవడమే మర్యాద అనుకున్నాడు ఆ పెద్దమనిషి.

అంతలో సెప్టెంబరు మధ్యలో ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. అది రెండు వేల పదకొండు. బస్సులు డిపోల్లో పడుకున్నాయి. ఆఫీసులకు తాళాలు పడ్డాయి. భూపాలపల్లి గనుల్లో బొగ్గు పైకి రావడం ఆగింది, అబ్రార్ చెప్పిన కరెంటు ఫ్యాక్టరీ పని కూడా ఆగింది. బడులు, కాలేజీలు సరేసరి. మహబూబాబాద్‌ను మానుకోట అనే పిలుచుకునే ఆ ఊరి జనమంతా బస్టాండు ముందు వేసిన దీక్షా శిబిరంలోనే కనబడేవాళ్లు. ఇంట్లో చుట్టంగా కూర్చోవడం కంటే అక్కడ చాప మీద కూర్చోవడం సత్తార్‌కు హాయిగా ఉండేది. పక్కింటి లస్మయ్య పాలవ్యాను నడుపుతాడు. పొద్దున్నే పాలు పోసొచ్చి, "సత్తారన్నా, నడువు. తెలంగాణ నువ్వు లేకుంట ఆగిపోయిందట" అని నవ్వుతూ లాక్కుపోయేవాడు.

శిబిరంలో మైకు పట్టుకున్న ప్రతివాడూ లెక్కలే చెప్పేవాడు. ఆంధ్రావాళ్ల ఆదాయం ఇంత, మన ఆదాయం ఇంత. పొద్దున ఒకాయన రెండింతలంటే సాయంత్రానికి ఇంకొకాయన దాన్ని పదింతలు చేసేవాడు. జనం రెండింటికీ చప్పట్లు కొట్టేవాళ్లు. మహీన్ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే సంజీవ సారుకు ఇది మింగుడు పడలేదు. సమ్మెలో ముందు వరుసలో కూర్చునే మనిషే, కానీ తప్పు లెక్క వింటే ఆయనకు పళ్లు జివ్వుమంటాయి. "కొట్లాట న్యాయమైందే, దానికి లెక్క గుడ సక్కగుండాలె" అని, నిరసనగా రోడ్డు మీదే బడి పెట్టే రోజుకని తన పిల్లలకు ఒక పని అప్పజెప్పాడు. రెండు దేశాలు తీసుకోండి, ముప్పై ఏళ్ల ఆదాయాలు పోల్చండి, అందరికీ అర్థమయ్యేటట్టు చెప్పండి, పోల్చడమంటే ఏమిటో జనం చూడాలి అన్నాడు. ఒకడు చైనా తీసుకున్నాడు, ఒకతె బంగ్లాదేశ్ తీసుకుంది. మహీన్ సౌదీ తీసుకుంది. ఎందుకమ్మా అని ఎవరూ అడగలేదు.

రోడ్డు మీద నల్లబల్ల ఎక్కడ దొరుకుతుంది? తారురోడ్డే నల్లబల్ల అయింది. ఎవరో సగం బస్తా ముగ్గుపిండి తెచ్చి పడేశారు. బతుకమ్మ పండుగ అప్పుడే అయిపోయింది, ఇంటింటా మిగిలే ఉంది. మహీన్ దుపట్టా బిగించి కట్టుకొని, గుప్పెడు ముగ్గు తీసుకొని నడిరోడ్డున వంగింది. కింద అడ్డంగా ఏళ్లు, పక్కన నిలువుగా ఆదాయం. ఆమెకు ముగ్గు వేయడం ఎవరూ నేర్పలేదు కాబట్టి గీత మొదట్లో వంకరపోయింది. ముందు వరుసలో ఆడవాళ్లు "అట్ల కాదు బిడ్డా, బొటనవేలు, చూపుడువేలు నడుమ నుంచి ఇడువు" అని చేతులు తిప్పి చూపించారు. రెండో గీత నిటారుగా వచ్చింది. వెనక వరుసలో లస్మయ్య పక్కన కూర్చున్న సత్తార్ కళ్లార్పకుండా చూస్తున్నాడు.

"ఇద్దరి పొడుగు పోల్చాలంటే ఇద్దర్ని ఒకే గోడకు నిలవెట్టాలె. దేశాలైనా గంతే" అని మొదలుపెట్టింది మహీన్. "స్థూల జాతీయ ఆదాయం అంటే ఆ దేశపోళ్లు ఏడాదిల సంపాయించిందంత. దాన్ని ఉన్నదున్నట్టు పోలిస్తే మోసపోతం. మనం కోట్లమందిమి, వాళ్లు కొద్దిమంది. అందుకని తలకింత అని పంచాలె. వాళ్ల రియాలును, మన రూపాయిని ఒకే డబ్బులకు మార్చాలె. ఒక్క ఏడు చూస్తే గుడ మోసమే. కొన్నేండ్ల వరుస చూడాలె."

చూపించింది. ఎనభై ఒకటిలో సౌదీ గీత రోడ్డు ఆ చివర టీకొట్టు దగ్గరుంది, మన గీత ఈ చివర మురికి మోరీని ఒరుసుకుంటూ ఉంది. సుమారు అరవై రెట్ల తేడా అంది. తర్వాత చమురు ధర పడి వాళ్ల గీత జారుకుంటూ వచ్చింది. తొంభై మూడులో పాతిక రెట్లు. మళ్లీ లేచింది, కానీ మనదీ చీమ నడకన ఎక్కుతూనే ఉంది. ఇప్పుడు పద్నాలుగు, పదిహేను రెట్లు. "అక్కడి ధరలు, ఇక్కడి ధరలు చూసుకుంటే తేడా ఇంకా జర తగ్గుతది. గదే రూపాయికి ఈడ ఎక్కువ సామాను వస్తది కదా" అంది. ఆ పిల్ల ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడగా సత్తార్ ఎన్నడూ వినలేదు. ఫోనులో "బాగున్నం అబ్బా, పరీక్షలైనయి అబ్బా" తప్ప. తొంభై మూడు అని రాసిన చోట, గీత దిగువకు జారుతున్న ఆ ఏడే తను విమానం ఎక్కింది. ఆ తర్వాత గీత ఇంకా కుంగిన చోట కంపెనీ నెలల తరబడి జీతాలివ్వలేదు, తను ఖర్జూరాలు తిని నీళ్లు తాగాడు. అదంతా ఆ తెల్లటి గీతలో ఉందని తెలిసి అతని గుండె ఉప్పొంగింది. నా కూతురు నా బతుకంతా రోడ్డు మీద గీసింది అనుకున్నాడు.

అప్పుడు లస్మయ్య లేచాడు. పాపం, చెడు ఉద్దేశం ఏమాత్రం లేదు. "బిడ్డా, నాకొక్క ముచ్చట చెప్పు. మరి మీ నాయిన సంపాయించేది ఏ గీతల కలుస్తది?"

జనమంతా వెనక్కి తిరిగి సత్తార్‌ను చూశారు. మహీన్ మన గీతలోనే అంటే అయిపోయేది, చప్పట్లు కూడా పడేవి. చాలామంది అలాగే అనుకుంటారు కూడా, మన మనిషి ఎక్కడున్నా మన లెక్కేనని. ఆమె ఒకసారి సంజీవ సారును చూసింది. ఆయన తల దించుకున్నాడు. జవాబు ఆయనకు తెలుసు.

"పై గీతల," అంది మహీన్ నెమ్మదిగా. "పాస్‌పోర్టు యాడిదైనా గానీ, ఏడాది కన్న ఎక్కువ ఏ దేశంల ఉంటే ఆ దేశం లెక్కలకే వస్తరు. అబ్బా సంపాయించింది సౌదీ ఆదాయమే."

"మరి నెలనెలా ఇంటికి పంపేది?"

"అది ఆదాయం కిందికి రాదు. బదిలీ అంటరు. మన దగ్గర్నించి ఏమి తీసుకోకుంట ఇచ్చేది."

తర్వాత ఎవరో "అరె, మన సత్తార్ సౌదీ షేకు అయిపోయిండుల్లా!" అన్నారు, నవ్వులు మొదలయ్యాయి. ఎకసెక్కం కాదు, అభిమానంతోనే. "షేక్ సాబ్, నువ్వీడ కూసుంటే ఎట్ల? పో, నీ గీత మీదికి పో" అన్నారు. సత్తార్ అందరికంటే గట్టిగా నవ్వాడు. లేచి వెళ్లి, సౌదీ గీత మీద నిలబడి, చేతులు బార్లా చాచి షేకులా గడ్డం సవరించుకున్నాడు. శిబిరం దద్దరిల్లిపోయింది. మహీన్ ఒక్కతే నవ్వలేదు. అతను ఇంటికి వచ్చి చెప్పులకు అంటిన ముగ్గు కడుక్కున్నాడు. పద్దెనిమిదేళ్లు ఎండలో ఇనుము అతికించిన మనిషికి, తను ఎక్కడా అతకలేదని ఆ సాయంత్రం తెలిసింది.

కాసేపటికి మహీన్ వచ్చి గడపలో కూర్చుంది. వాళ్లింట్లో మాట్లాడుకునేది దక్కనీ ఉర్దూలో. ఆ మాటలను తెలుగులోనే చెప్పుకుందాం.

"అబ్బా, నేను తప్పు చెప్పలేకపోయిన" అంది.

"తప్పెందుకు చెప్పాలె? మంచిగ చెప్పినవు. అందరికి సమజ్ అయింది" అన్నాడు. తర్వాత మామూలుగా అడిగినట్టే అడిగాడు. "అట్ల పై గీతలకు పోయినోడు మళ్ల కింది గీతలకు రావాలంటే ఎట్ల బేటా?"

"తిరిగొచ్చి ఉండిపోవాలె. ఏడాదికి తక్కువ కాకుంట ఉంటే వస్తరు."

లోపల గదిలో కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. అక్బరీ వింటోంది. సత్తార్‌కు ఆ సంగతి తెలుసు. మహీన్ తండ్రి మొహంలోకి చూస్తోంది, ఏదో అంటాడని. సత్తార్ గది వైపు చూస్తున్నాడు, ఆమె ఏదో అంటుందని. అక్బరీ సూది వైపు చూస్తోంది. ముగ్గురికీ కావాల్సింది ఒకటే. కానీ ఆ ఇంట్లో ముగ్గురూ ఒకరినొకరు నొప్పించకుండా బతకడం అలవాటు చేసుకున్నవాళ్లు. అలాంటివాళ్లతో వచ్చే చిక్కే అది. పోట్లాడుకునే సంసారంలో ఇది చిటికెలో తేలిపోయేది.

సరిగ్గా అప్పుడే లస్మయ్య చేతిలో కాగితం ఊపుకుంటూ దూరాడు. "సత్తారన్నా! పరేషాన్ గాకు. నువ్వు పోయే పని అయిపోయింది!"

సంగతేమిటంటే, ఆ వారంలోనే మూడు రోజుల రైల్ రోకో. సత్తార్ బయలుదేరాల్సిన రోజు సరిగ్గా దాని మధ్యలో పడింది. రైళ్లుండవు, బస్సులు ఎలాగూ లేవు. ఆ సంగతి తెలిసిన రోజు సత్తార్ పైకి "అయ్యో" అన్నాడుగానీ లోపల ఎక్కడో దీపం వెలిగింది. తన చేతిలో లేకుండా ఆగిపోతే ఎవరూ ఏమీ అనరు కదా. ఆ దీపాన్ని వాడకట్టంతా కలిసి చల్లగా ఊదేసింది. పాలవ్యానుకు సమ్మెలో అడ్డు లేదని లస్మయ్య తేల్చాడు. సమ్మె నడిపే జేఏసీ వాళ్లు తొవ్వ పొడుగునా చూపించడానికి చీటీ రాసిచ్చారు, లస్మయ్య ఊపుతున్న కాగితం అదే. డీజిల్ ఎక్కడా దొరకని రోజుల్లో నలుగురు తమ బండ్లలోంచి తీసి డబ్బాలో పోశారు. "నీ కొలువు పోతే మేం ఊకుంటమా?" అన్నారు. మనిషిని ఇంత ప్రేమగా ఇంట్లోంచి వెళ్లగొట్టడం మానుకోటకే చెల్లింది.

"ఎట్లంటవు?" అని సత్తార్ ఆశగా భార్య వైపు చూశాడు.

"మీ ఇష్టం" అంది అక్బరీ. ఆ రెండు మాటలు అనడానికి ఆమె ఎంత దిగమింగుకుందో అతనికి కనబడలేదు. పెట్టె సర్దడానికి లోపలికి వెళ్లిపోయింది.

ఇన్నేళ్లూ వాళ్ల వీడ్కోలు మానుకోట స్టేషన్‌లోనే జరిగేది. రైలు అక్కడ ఆగేది రెండు నిమిషాలు. పెట్టెలెక్కించడం, సీటు వెతుక్కోవడం, నీళ్ల సీసా మరిచిపోవడం, దాన్ని కిటికీలోంచి అందించడం. ఇంతలోనే రైలు కదిలేది. ఏడవడానికి కూడా తీరిక దొరికేది కాదు. ఒక రకంగా ఆ రెండు నిమిషాలే వాళ్లను కాపాడాయి. ఈసారి రైలు లేదు కాబట్టి హైదరాబాద్ దాకా తోడు వస్తామని తల్లీకూతుళ్లు వ్యానెక్కారు. అన్ని గంటల ప్రయాణంలో మాట్లాడకుండా ఎలా ఉంటారో దేవుడికే తెలియాలి.

తొర్రూరు దాకా సత్తార్ ముందు సీట్లో లస్మయ్య పక్కన కూర్చున్నాడు. తొర్రూరులో ఉండబట్టలేక దిగి, వెనక ఖాళీ పాలక్యాన్ల మధ్య చాప మీద కూర్చున్న వాళ్ల దగ్గరికి వచ్చాడు. అక్బరీ జరిగి చోటిచ్చింది. మహీన్ మొహం అటు తిప్పుకుంది. ఎండ పడుతోందేమోనని సత్తార్ తన రుమాలు అడ్డం పట్టాడు. ఆమె దాన్ని చేత్తో పక్కకు నెట్టేసింది.

"ఏమైంది బేటా?"

"ఏం కాలె."

"బిస్కెట్ తింటవా?"

"నాకొద్దు. మీరే తినుండ్రి. విమానంల గుడ తినుండ్రి. అక్కడ గుడ తినుండ్రి. నాతోని మాట్లాడకుండ్రి."

సత్తార్‌కు కాసేపు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. కూతురు అలిగింది. తన మీద అలిగింది. తల్లి మీద అలిగినట్టే మూతి బిగించి, ముక్కు పుటాలు అదిరిస్తూ అలిగింది. అతనికి సంతోషంతో ఒళ్లు ఝల్లుమంది, వెంటనే ఏడుపూ వచ్చింది. చేతిలో బిస్కెట్ పట్టుకొని, తినాలో దాచుకోవాలో తెలియని మనిషిలా కూర్చున్నాడు. దేవరుప్పుల దగ్గర జెండాలు పట్టుకున్నవాళ్లు చీటీ చూసి, "గల్ఫు మనిషా? పోనియ్యి, పోనియ్యి" అని చేతులూపారు. ఆ ఊపిన ప్రతి చేయీ అతన్ని ఇంకొంచెం దూరం తోసినట్టే అనిపించింది.

జనగామ దగ్గర పెద్దరోడ్డు ఎక్కేచోట వ్యాను ఆగింది. అక్కడ వంటా వార్పు నడుస్తోంది. నడిరోడ్డు మీద రాళ్లు పెట్టి పొయ్యిలు అంటించి, దేగిసాల్లో అన్నం, పప్పు వండి, రోడ్డుకు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా బంతులు తీర్చి జనాన్ని కూర్చోబెట్టారు. మోదుగాకు ఇస్తర్లలో పొగలు కక్కే అన్నం. వడ్డించేవాళ్లకు పెత్తనం చేస్తున్నది బుచ్చమ్మ అనే పెద్దావిడ. కొంగు నడుముకు చుట్టి, చేతిలో గరిటెతోనే వచ్చి వ్యాను ముందు నిలబడింది.

"ఎవరయ్యా గా బండిల? దవాఖానకా?"

"కాదవ్వా. మానుకోట నుంచి. ఈ అన్న సౌదీ పోవాలె, విమానమున్నది" అని లస్మయ్య చీటీ చూపించాడు.

బుచ్చమ్మ చీటీ చూడలేదు, వెనక్కి వచ్చి సత్తార్‌ను చూసింది. "ఈడ మా రూలు ఒక్కటే బిడ్డా. మనోడైతే ఎంత పనున్నా దిగి కూసోవాలె, బువ్వ తినాలె, పొద్దుగూకేదాంక మాతోనే ఉండాలె. పైదేశపోడైతే ఆపం. నువ్వు పైదేశం పోయేటోనివి, నిన్నాపితే మాకు పాపం." అతను నోరు తెరిచేలోపే బంతుల వైపు తిరిగి కేకేసింది. "లేవుండ్రుల్లా! జర జరుగుండ్రి! గల్ఫు పోయే అన్నకు తొవ్వియ్యుండ్రి!"

మొదటి బంతిలోవాళ్లు లేచారు. సగం తిన్న ఇస్తర్లు రెండు చేతులతో పొట్టకు ఆనించుకొని, పప్పు కారుతుంటే పక్కకు జరుగుతున్నారు. ఒక్కరూ విసుక్కోలేదు. రెండో బంతిలో ఒక ముసలాయన మోకాలి మీద చేయి ఆనించి లేవబోతుంటే, చేతిలోని ఇస్తరి ఒరిగి అన్నం రోడ్డు మీద పడిపోయింది. అయినా ఆయన సత్తార్ వైపు చూసి నవ్వి, "పైలంగ పో బిడ్డా" అన్నాడు.

సత్తార్ వ్యానులోంచి ఒక్క దూకు దూకాడు. "కూసో తాతా! కూసో! ఎవ్వరు లేవకుండ్రి! నేను పోతలేను!"

ఎవరో అరిచినట్టు వినబడింది అతనికి. అరిచింది తనే. వెళ్లి ముసలాయన భుజాలు పట్టుకొని కూర్చోబెట్టాడు. లేచినవాళ్లు ఇస్తర్లతో అలాగే నిలబడి చూస్తున్నారు.

"అన్నా, తమాషనా? ఇయ్యాల పోకుంటే నీ వీసా ఖతం. మళ్ల రమ్మన్నా రానియ్యరు" అని లస్మయ్య దిగి పరుగెత్తుకొచ్చాడు.

"ఎరుకే లస్మన్నా."

"ఎరుకుండి గిట్ల జేస్తరా ఎవరన్న?"

"నేను మనోణ్నే. అవ్వ చెప్పింది ఇనలేదా? మనోళ్లు కూసోవాలె" అని సత్తార్ ఆ ముసలాయన పక్కన తారురోడ్డు మీద బాసిపట్టు వేసుకొని కూర్చున్నాడు. బుచ్చమ్మ అతని ముందు కొత్త ఇస్తరి పరిచింది. నిలబడ్డవాళ్లంతా మళ్లీ కూర్చున్నారు. లస్మయ్య నెత్తి మీద చేతులు పెట్టుకొని వ్యానుకు ఆనుకున్నాడు.

అక్బరీ ఎప్పుడు దిగిందో, వచ్చి అతని పక్కన కూర్చుంది. బుచ్చమ్మ ఆమెకూ ఇస్తరి వేసింది. సత్తార్ ఆమె వైపు చూడలేకపోయాడు. పెట్టిన అన్నం వైపే చూస్తూ, ఇన్నాళ్లూ దాచుకున్నదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. అబ్రార్ చెప్పిన పని సంగతి. సమ్మె అయినంక భూపాలపల్లి పోవాల్సి ఉంటుందని, ఆదివారం ఆదివారం ఇంటికి రావచ్చని. అక్కడ మూడు వస్తే ఇక్కడ వచ్చేది ఒకటేనని.

"ఒక్కటే. సరిపోతదా?" అని అడిగాడు చివరికి. అడిగేటప్పుడు అతని చెయ్యి అన్నంలోనే ఉండిపోయింది.

"సరిపోతది" అంది అక్బరీ.

"నన్ను చూసి అనకు. నిజం చెప్పు."

"నిజమే. మహీన్ చదువు, ఇంటి ఖర్చు, నా మిషను మీద వచ్చేది, అన్నీ కలిపి చూసుకున్న. మీరు ఒక్కటి తెచ్చినా సాలు. మీరీడనే ఉంటే ఎట్లుంటదని పోయినసారి మీరొచ్చినప్పుడే లెక్క చూసుకున్న."

సత్తార్ తలెత్తాడు. పోయినసారి అంటే మూడేళ్ల కిందట. ఆ మూడేళ్లలో ఎన్ని ఎండలు, ఎన్ని పండుగలు ఫోనులోనే అయిపోయాయి. మహీన్‌కు జ్వరమొచ్చి తగ్గిందన్న సంగతి తగ్గాకే తెలిసింది.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?"

"మీరు అడుగుతరని చూసిన" అంది అక్బరీ. "ఉండుమంటే, మీకు ఇష్టం లేకున్నా నా కోసం ఉంటరేమోనని భయమైంది. మీరే అడిగితే చెప్దామనుకున్న."

"నువ్వు ఉండుమంటే ఉందామని నేను చూసిన."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మహీన్ వచ్చి తండ్రికి ఆ పక్కన కూర్చుంది. ఇంకా మూతి బిగించే ఉంది, కానీ అతని ఇస్తరిలోంచే ఒక ముద్ద తీసుకొని నోట్లో పెట్టుకుంది. అది చూసి అక్బరీకి ఆగలేదు. దుపట్టా చెంగు నోటికి అడ్డం పెట్టుకొని, రోడ్డు మీద, అంతమందిలో వెక్కి వెక్కి ఏడ్చింది. సత్తార్ కళ్లూ ముక్కూ ఏకమయ్యాయి.

బుచ్చమ్మ మజ్జిగ చెంబుతో గబగబా వచ్చింది. "ఏమైందుల్లా? పప్పుల కారమెక్కువైందా?"

"కారమే అవ్వా," అన్నాడు సత్తార్. "ఇంకింత ఎయ్యి."